యంత్రం మనకు జవాబు చెప్పాలి
(గోదావరిఖని ప్రాంత పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల శిక్షణ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పాడి రైతుల సమావేశం అంటే దాణా గురించి, పచ్చిమేత గురించి, గాలికుంటు టీకాల గురించి, చూడి పశువుల పోషణ గురించి మాట్లాడుకోవడం ఆనవాయితీ. ఈ రోజు మమ్మల్ని వేరొక విషయం మీద మాట్లాడమన్నారు. మనం వాడే యంత్రాలను మనకు తగినట్లు రూపొందించడం ఎలా, ఆ విద్యను మన పిల్లలు నేర్చుకోవడం ఎలా అన్నది ఆ విషయం. ఇది పట్నం ఇంజనీర్ల గొడవ, మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. కాని పాల కేంద్రంలో బల్ల మీద కూర్చున్న యంత్రమే ఈనాడు మన పాలకు ధర కడుతున్నది. కనుక ఇది మన గొడవే.

చిట్టీలో ఒక్క అంకె

ముందుగా ఒక లెక్క చూద్దాం. కిలో వెన్నకు 800 రూపాయల చొప్పున ధర కట్టే సంఘం ఒకటి ఉందనుకుందాం. ఒక అక్క పూటకు 5 లీటర్ల బర్రెపాలు పోస్తుంది. లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి గనుక ఆమె పాలు 5.15 కిలోలు. వెన్న 6 శాతం వస్తే అందులో 309 గ్రాముల వెన్న ఉన్నట్లు. దాని ధర 247 రూపాయల 20 పైసలు. అవే పాలకు యంత్రం 5.5 శాతం చూపిస్తే 226 రూపాయల 60 పైసలే వస్తాయి. పూటకు తేడా 20 రూపాయల 60 పైసలు. నెలకు 60 పూటలు. మొత్తం 1,236 రూపాయలు.

ఈ అర శాతం తేడా రావడానికి ఎవరి మోసమూ అక్కరలేదు. శాంపిల్ తీసే ముందు పాలు సరిగా కలియబెట్టకపోయినా, శాంపిల్‌లో నురుగు ఉన్నా, యంత్రం లోపలి గొట్టాన్ని కడగకపోయినా, దాన్ని వేళకు సరిచూడకపోయినా అంకె తప్పవచ్చు. తప్పిన సంగతి పాలు పోసిన అక్కకు తెలిసే మార్గం ఏది? చాలాచోట్ల యంత్రం ముఖం కార్యదర్శి వైపు ఉంటుంది. చిట్టీ మీద అక్షరాలు ఇంగ్లీషులో ఉంటాయి. ఆమె చిట్టీని కొంగున ముడివేసుకుని ఇంటికి వెళ్ళి, బడికి పోయే కొడుకుతోనో కూతురుతోనో చదివించుకుంటుంది. అప్పటికి ఆ పాలు డబ్బాలో కలిసిపోయి ఉంటాయి.

పాత పద్ధతి ఇలా ఉండేది కాదు. స్విట్జర్లాండుకు చెందిన గెర్బర్ 1890ల నాడు రూపొందించిన పరీక్ష మన సంఘాలలో చాలా కాలం నడిచింది. గాజు గొట్టంలో గంధకామ్లం, పాలు, ఎమైల్ ఆల్కహాలు పోసి, మూత బిగించి, గిర్రున తిప్పితే వెన్న కరిగి పైకి తేలేది. గొట్టం మీది గీతలను చూసి శాతం చెప్పేవారు. అందులో ఆమ్లంతో ప్రమాదం ఉంది, ఆలస్యం ఉంది. అయితే చదువు రాని సభ్యుడు కూడా గొట్టాన్ని వెలుతురుకు పట్టి, వెన్న ఎంతవరకు నిలిచిందో కళ్ళారా చూడగలిగేవాడు. తర్వాత ఎలక్ట్రానిక్ పరీక్ష యంత్రాలు వచ్చాయి. 1990ల నుంచి తూకం, పరీక్ష, లెక్క, చిట్టీ అన్నీ ఒకే బల్ల మీద జరిగే ఏర్పాటు గుజరాత్ సంఘాలలో మొదలై దేశమంతా పాకింది. పని నిమిషాలలోకి వచ్చింది, అందుకు సంతోషమే. కాని గొట్టంలో కనిపించే వెన్న పోయి, అంకె ఒక్కటే మిగిలింది. ఆ అంకెను సభ్యుడి ముందుకు తేవడం ఎలా అన్నదే మన ప్రశ్న.

బాయి పనిలో మనకు తెలిసిన సంగతే

గడ్డపార మనతో మాట్లాడదు. కొట్టినచోట దిగుతుంది, అంతే. కొన్ని పనిముట్లు మాత్రం మనం ఒకటి చేస్తే తిరిగి ఏదో ఒకటి చెబుతాయి. అటువంటి వాటిని తయారు చేయడం వేరే విద్య. వాటి లోపలి తీగలు ఎంత ముఖ్యమో, అవి చెప్పే మాట ఎదుటివారికి అర్థం కావడం అంత ముఖ్యం.

సింగరేణి కుటుంబాలకు ఇది కొత్త కాదు. బాయిలోకి తీసుకుపోయే రక్షణ దీపం సంగతి మీలో పెద్దవారికి తెలుసు. 1815లో ఇంగ్లండులో హంఫ్రీ డేవీ అనే శాస్త్రజ్ఞుడు దీని తొలి రూపాన్ని తయారు చేశాడు. మంట చుట్టూ సన్నని ఇనుప జల్లెడ అమర్చితే మంట వేడి బయటి వాయువుకు అంటదని కనిపెట్టాడు. దీపాన్ని ప్రయోగశాలలోనే ఉంచుకోలేదు. 1816 జనవరిలో హెబ్బర్న్ గనిలోకి పంపి, బాయి మనుషుల చేతుల్లో పరీక్ష చేయించాడు. వెలుగు కోసం చేసిన ఆ దీపం ఇంకొక పని కూడా చేసింది. గాలిలో మండే వాయువు ఉంటే మంట మీద నీలి టోపీ వంటి వెలుగు లేస్తుంది. గాలిలో ప్రాణవాయువు తగ్గితే మంట చిన్నబోయి ఆరిపోతుంది. అక్షరం రాని కార్మికుడు కూడా దీపం చెప్పింది చదివి ప్రాణం కాపాడుకున్నాడు.

గంట సంకేతాలూ అటువంటివే. బాయి మీది తొట్టి కదులుతుండగా ఒక గంట కొడితే ఆపాలి. నిలిచి ఉండగా ఒక గంట కొడితే పైకి లాగాలి, రెండు కొడితే కిందికి దించాలి. మూడు గంటలైతే మనుషులు ఎక్కుతున్నారని అర్థం. మూడు గంటలు కొట్టగానే మనుషులు ఎక్కరు. పై నుంచి తిరిగి మూడు గంటలు వినిపించాకే ఎక్కుతారు. అడిగిన మాట అందిందని అవతలి వైపు ఒప్పుకోవాలి. ఈ నియమం పాల కేంద్రానికీ వర్తిస్తుంది. అక్క పాలు పోసింది. నీ పాలు ఇన్ని, నీ నంబరు ఇది, వెన్న ఇంత అని యంత్రం ఆమెకు తిరిగి చెప్పిన తర్వాతే పాలు డబ్బాలో కలవాలి.

హైదరాబాదులో పుట్టిన ఓటు యంత్రం

మనమందరం నొక్కిన యంత్రం ఒకటి ఉంది. అది ఓటు యంత్రం. దాని కథలో మనకు పనికివచ్చే పాఠాలు ఉన్నాయి. 1979లో హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్. సంస్థ దాని నమూనాను తయారు చేసింది. ఎన్నికల సంఘం 1980 ఆగస్టు 6న ఆ నమూనాను రాజకీయ పార్టీల ప్రతినిధుల ముందు పెట్టి చూపించింది. 1982 మే నెలలో కేరళలోని పరవూరు నియోజకవర్గంలో 50 పోలింగు కేంద్రాలలో మొదటిసారి వాడారు. వెంటనే దేశమంతా పెట్టేయలేదు. చట్టంలో యంత్రానికి చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 1988 డిసెంబరులో చట్టం సవరించాక గాని దారి సుగమం కాలేదు.

దాని రూపం గుర్తు చేసుకోండి. పేరు చదవలేనివారి కోసం గుర్తు ఉంది. గుర్తు పక్కనే మీట ఉంది. నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, బూత్ అంతా వినిపించేటట్లు పొడుగాటి కూత వస్తుంది. చూపు లేనివారి కోసం బ్రెయిలీ అంకెలు ఉన్నాయి. ఓటు పడిందని కంటికీ చెవికీ కూడా తెలుస్తుంది. అయినా నా ఓటు నేను వేసిన గుర్తుకే పడిందా అన్న అనుమానం జనంలో మిగిలింది. అందుకు చిట్టీ చూపించే పెట్టెను జతచేశారు. 2013లో నాగాలాండ్‌లోని నోక్సెన్‌లో దాన్ని మొదట వాడారు. గాజు వెనుక చిట్టీ ఏడు సెకన్ల పాటు కనిపించి లోపల పడిపోతుంది. నమూనా చూపించిన నాటి నుంచి చిట్టీ వచ్చేవరకు 33 సంవత్సరాలు పట్టింది. ఓటు వేసినవాడికి సమాధానం చెప్పాలని దేశం యంత్రాన్నే మార్చుకుంది. పాలు పోసినవారికి సమాధానం చెప్పే యంత్రం కావాలని మనం అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

తీగలకు ముందు అట్టముక్క

ఇక ఈ విద్య నేర్చుకోవడం ఎలాగన్నది చూద్దాం. పిల్లలు చేసే మొదటి పొరపాటు, ముందే బజారుకు వెళ్ళి తీగలు, దీపాలు, పలకలు కొనడం. మొదట కావలసింది అట్టముక్క, కాగితం, కత్తెర. అమెరికాలో జెఫ్ హాకిన్స్ అనే ఇంజనీరు జేబులో పట్టే చిన్న కంప్యూటరును చేయబోయే ముందు, అదే కొలతకు ఒక చెక్కముక్క కోయించి జేబులో వేసుకుని తిరిగాడు. ఎవరైనా కలుద్దామంటే చెక్కను తీసి, దాని మీద రాస్తున్నట్లు నటించి చూసుకున్నాడు. ఆ కంప్యూటరు 1996లో పైలట్ పేరుతో బజారుకు వచ్చి బాగా అమ్ముడుపోయింది. ఐ.బి.ఎం. కంపెనీవారు 1980ల నాడు, మనిషి మాట్లాడితే అక్షరాలుగా రాసే యంత్రం జనానికి పనికివస్తుందా అని తెలుసుకోదలచారు. అటువంటి యంత్రం అప్పటికి లేదు. అందుచేత పక్క గదిలో టైపిస్టును కూర్చోబెట్టి, యంత్రమే రాస్తున్నట్లు చూపించి పరీక్షించారు. లేని యంత్రం గురించి ఉన్న మనుషుల నుంచి నేర్చుకున్నారన్నమాట.

మన కేంద్రంలోనూ ఇది చేయవచ్చు. ఇంటరు, ఐ.టి.ఐ., పాలిటెక్నిక్ చదివే నలుగురు పిల్లలు చాలు.

మొదటి పని, ఏమీ చేయకుండా చూడడం. రెండు పూటలు కేంద్రంలో ఒక మూల నిలబడి ఎవరు ఎప్పుడు వస్తున్నారు, చేతిలో ఏముంది, ఎటు చూస్తున్నారు, ఏమి అడుగుతున్నారు అని రాసుకోవాలి. మొదటి షిఫ్టుకు పోయేవారు ఇంకా చీకటి ఉండగానే పాలు పోసి పరుగెత్తుతారు. వారికి నిలబడి చదివే వ్యవధి లేదు. చేతులు తడిగా ఉంటాయి, తడి వేళ్ళకు తాకుడు తెర సరిగా పలకదు. ఓపెన్‌కాస్టుల దగ్గరి ఊళ్ళలో దుమ్ము యంత్రం సందుల్లో చేరుతుంది. డబ్బాల చప్పుడులో చిన్న కూత వినబడదు. ఇవన్నీ చూసినవారికే తెలుస్తాయి.

రెండవ పని, అట్టతో యంత్రం ముఖం చేయడం. అరచేతి వెడల్పు అంకెలు కాగితం మీద రాసి, అట్ట కిటికీలో జరిపేటట్లు అమర్చాలి. అట్ట వెనుక ఒక పిల్లవాడు కూర్చుంటాడు. అసలు యంత్రం మీద అంకె రాగానే అదే అంకె అట్టలో పెట్టి, నంబరును, వెన్న శాతాన్ని తెలుగులో పైకి చదువుతాడు. ఖర్చు పది ఇరవై రూపాయలు మించదు.

మూడవ పని, సభ్యులు ఏమి చేస్తున్నారో గమనించడం. బాగుందా అని అడిగితే అందరూ బాగుందనే అంటారు, మన మర్యాద అటువంటిది. అలా కాక, "అక్కా, నీ వెన్న ఎంత వచ్చింది?" అని పాలు పోసి వెళ్ళేవారిని గుమ్మం దగ్గర అడగాలి. పది మందిలో ఎందరు సరిగా చెప్పారో గీతలు గీసుకోవాలి. అట్ట పెట్టకముందు ఎందరు, పెట్టాక ఎందరు అని పోల్చి చూస్తే మాటలతో పని లేదు.

ఇక్కడే ముందుగా ఎవరూ ఊహించని సంగతులు బయటపడతాయి. వెన్న శాతం పైకి చదవమంటే అందరూ ఒప్పుకుంటారు. డబ్బు ఎంత వచ్చిందో పైకి చదివితే కొందరు అక్కలకు ఇష్టం ఉండదు. వరుసలో అప్పు ఇచ్చినవారు ఉంటారు, చుట్టాలు ఉంటారు, ఇంట్లో లెక్క అడిగేవారు ఉంటారు. కనుక వెన్న చెవికి, డబ్బు చిట్టీకి అని విడదీయవలసి వస్తుంది. ఇంకొకటి, 17వ నంబరు సభ్యురాలి పాలు 71వ నంబరులో పడడం కద్దు. నంబరు పైకి చదివితే అక్కడికక్కడే "అది నాది కాదు" అంటారు. అన్నిటికంటె పెద్ద సంగతి మరొకటి. అంకె నచ్చకపోతే మళ్ళీ పరీక్ష చేయమని అడగడానికి యంత్రంలో మీట ఉండదు. కార్యదర్శిని అడిగితే తగాదా పెట్టుకున్నట్లు ఉంటుందని చాలామంది నోరు మెదపరు. అట్ట మీద "మళ్ళీ చూడు" అని ఒక మీట గీసి పెడితే, అడగడం తగాదా కాదు, పద్ధతి అవుతుంది. కార్యదర్శి మీద పడే నింద కూడా తగ్గుతుంది.

నాలుగవ పని అప్పుడు మొదలవుతుంది. ఇప్పుడు తీగలు కొనవచ్చు. 2005లో ఇటలీలోని ఇవ్రియా పట్టణంలో, ఇటువంటి రూపకల్పన నేర్పే విద్యాలయంలోని అధ్యాపకులు ఆర్డునో అనే చిన్న పలకను తయారు చేశారు. ఇంజనీర్లు కాని విద్యార్థులు కూడా దీపం వెలిగించడం, బరువు చదవడం, గంట మోగించడం నేర్చుకోవాలన్నది వారి ఉద్దేశం. దాని నకళ్ళు కూడా చేసుకొమ్మని గీతపటాలను అందరికీ ఇచ్చేశారు. ఆ పలకకు ఒక పెద్ద అంకెల దీపం, ఒక చిన్న లౌడ్‌స్పీకరు, తడి చేతులకు పనిచేసే రెండు గట్టి మీటలు, కరెంటు పోతే ఆదుకునే బ్యాటరీ జతచేస్తే అట్టముక్కకు ప్రాణం వస్తుంది. దాన్ని మళ్ళీ కేంద్రానికి తెచ్చి, మళ్ళీ గుమ్మం దగ్గర అవే ప్రశ్నలు అడగాలి.

ఒక హెచ్చరిక. పిల్లలు చేసిన తూకంతోగాని, కొలతతోగాని పాలకు ధర కట్టకూడదు. 2009 నాటి తూనికలు కొలతల చట్టం ప్రకారం క్రయవిక్రయాలలో వాడే తూకం అధికారుల చేత సరిచూపించి ముద్ర వేయించినదై ఉండాలి. నమూనా నేర్చుకోవడానికి, చూపించడానికి, అడగడానికి. ఓటు యంత్రానికి కూడా చట్టం మారేదాకా ఆగవలసి వచ్చిందని మరువరాదు.

ఏడు సంవత్సరాల ఓపిక

ఇదంతా చదువుకున్నవారికే సాధ్యమా అంటే, ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం గారి సంగతి చెప్పుకోవాలి. చేనేత కుటుంబం. పోచంపల్లి రకం చీరకు ముందు నూలును మేకుల చుట్టూ తిప్పి ఆసు పోయాలి. ఒక చీరకు సుమారు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. తల్లి లక్ష్మి గారి భుజాలు నొప్పితో పట్టుకుపోవడం చూసి, ఆరవ తరగతితో బడి మానిన ఆయన 1992లో యంత్రం చేయడానికి పూనుకున్నారు. ఒక్కొక్క కదలికను విడివిడిగా తీసుకుని, చేతికి వచ్చిన డబ్బుతో ఒక్కొక్క భాగం చేసుకుంటూ వచ్చారు. మధ్యలో డబ్బు అయిపోయింది, ఊళ్ళో నవ్వారు. హైదరాబాదు వెళ్ళి కరెంటు పనులు చేసుకుంటూ బతికారు. 1999లో యంత్రం పూర్తయింది. తల్లి పేరుతో దానికి లక్ష్మీ ఆసు యంత్రమని పేరు పెట్టారు. గంటల తరబడి పట్టే పని సుమారు గంటన్నరకు దిగింది. 2017లో ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ఇచ్చింది. తన తల్లి కూర్చున్న చోటు, ఆమె భుజం నొప్పి ఆయనకు దగ్గర నుంచి తెలుసు. అది ఆయనకు ఉన్న పెద్ద చదువు. పాల కేంద్రం గురించి అటువంటి చదువు ఈ సభలో ఉన్నవారందరికీ ఉంది.

మన పిల్లలకు దారులు

సింగరేణిలో 1990ల ఆరంభంలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఈనాడు అందులో సగం కూడా లేరు. తండ్రి కొలువు కొడుకుకు వస్తుందన్న ధీమాతో బతికిన కాలం పోయింది. కాబట్టి పిల్లలకు చేతి విద్య, ఆలోచన రెండూ కలిసిన పని కావాలి.

దారులు లేకపోలేదు. 2016లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబులు ఉన్న బడులలో 6 నుంచి 12వ తరగతి పిల్లలు ఇటువంటి పలకలు, పనిముట్లు వాడవచ్చు. సెంటినరీ కాలనీలో జె.ఎన్.టి.యు. వారి మంథని ఇంజనీరింగు కళాశాల ఉంది. హైదరాబాదు రాయదుర్గంలో 2023 మార్చి 2న ప్రారంభమైన టి-వర్క్స్‌లో నమూనాలు చేయడానికి కావలసిన కోత యంత్రాలు, అచ్చు యంత్రాలు, ఎలక్ట్రానిక్ పలకలు చేసే సాధనాలు ఒకే కప్పు కింద ఉన్నాయి. కాని ఆ చోట్లకు వెళ్ళేటప్పుడు పిల్లవాడి చేతిలో గుమ్మం దగ్గర రాసుకున్న నోటుపుస్తకం ఉండాలి. యంత్రాలు అక్కడ దొరుకుతాయి. ప్రశ్న మాత్రం ఇక్కడి నుంచే తీసుకుపోవాలి.

సంఘాలకు మా మనవి

చివరగా నాలుగు మాటలు. ఒకటి, ఉన్న యంత్రానికే సభ్యుల వైపు తిరిగిన అంకెల పలక ఒకటి పెట్టించండి. అది కుదరనిచోట యంత్రాన్నే కాస్త పక్కకు తిప్పండి, దీనికి తీర్మానం కూడా అక్కరలేదు. రెండు, కొత్త యంత్రం కొనే ముందు అమ్మేవారిని రెండు పూటలు కేంద్రంలో పెట్టి చూపించమనండి. తెలుగు చిట్టీ, తెలుగు మాట, మళ్ళీ పరీక్షకు మీట ఉన్నాయా అని పాలు పోసే మహిళల చేతనే అడిగించండి. మూడు, మళ్ళీ పరీక్ష అడిగే హక్కు సభ్యులకు ఉందని సర్వసభ్య సమావేశంలో తీర్మానించి గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. నాలుగు, మీ ఊరి పిల్లలు అట్టముక్కతో వస్తే నవ్వకండి. కేంద్రంలో ఒక మూల చోటు ఇచ్చి, రెండు పూటలు వారి పని వారిని చేసుకోనివ్వండి.

సహకార సంఘం అంటే సభ్యుల సొంతం. దాని పాలు సభ్యులవి, దాని లాభం సభ్యులది. దాని యంత్రం కూడా సభ్యులతోనే మాట్లాడాలి. ఆ పని వచ్చే నెల మీ మీ కేంద్రాలలో మొదలవుతుందని ఆశిస్తూ సెలవు తీసుకుంటున్నాం.